పొట్లం విప్పితే

మొన్న వేసవిలో మా తమ్ముడి కొడుకు అమెరికా నుంచి రాజమండ్రి వచ్చాడు. పదకొండేళ్ళవాడు. వాడి వెంట రెండు పెద్ద పెట్టెలు దిగాయి. మొదటిదాన్నిండా బట్టలూ, చాక్లెట్లూ, బాదంపప్పూ. (మన వీధి చివర కొట్లో దొరికే బాదంపప్పుని ఏడు సముద్రాలు దాటించి మోసుకురావడం మనవాళ్ళు ఎప్పటికి మానతారో నాకు తెలీదు.) రెండోదాని అడుగున, వాడి పంట్లాముల మడతల్లో భద్రంగా, ఆరు పొట్లాలున్నాయి. అరచేతిలో ఇమిడేంత పొట్లాలు. మిలమిలలాడే కాయితం.

"అత్తా, ఇవి నాకు రెండేళ్ళప్పుడు మా నాన్న కొని దాచాడు. ఇండియాలాంటి దేశం కథ ఇందులో ఉంది. అందుకని మామ్మ ఇంట్లోనే విప్పాలని ఆపుకున్నాను" అన్నాడు వాడు, పెళ్ళివారి లాంఛనం చూపిస్తున్నట్టుగా.

హాల్లో గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. మొదటి పొట్లం అంచు చింపాడు. లోపల ముక్కలు పదిహేను. పేకముక్కల్లాంటివే గాని, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. దయ్యాలూ, రెక్కల యంత్రాలూ, మంత్రగత్తెలూ, మునులూ. అన్నీ ఒకేసారి చూసెయ్యడు. ఒక్కొక్కటే తీసి, చదివి, పక్కన పెడతాడు. మొదటివన్నీ మామూలువిట. తర్వాత మూడు కాస్త మంచివిట. అసలుది ఒక్కటే ఉంటుందిట. ఆ ఒక్కటీ ఏదో, పొట్లం కట్టినవాడికి తప్ప దేవుడిక్కూడా తెలీదు. వాడు ఊపిరి బిగబట్టాడు. సోఫాలో కూచున్న నేనూ బిగబట్టాను. నా వయసుకి అదేం పనో మరి.

"ఇంకా చూస్తావేవిట్రా, ఆ ముక్క తియ్యి!" అని అరిచాను.

తీశాడు. "రష్మి!" అన్నాడు. నిజంగానే ఆ ముక్క మీద ఉన్న ఆవిడ పేరు రష్మిట. పొడుగు చెవులు. మా పక్కింటి పిల్ల పేరూ అదే గనక నాకు నవ్వొచ్చింది. వాడికి మాత్రం కళ్ళు చెమర్చాయి. అలాంటి ముక్క సగటున ఎనిమిది పొట్లాలకి ఒకటి వస్తుందిట.

పెరటి వసారాలో చాప మీద ఆవకాయకి మామిడికాయ ముక్కలు తుడుస్తున్న అమ్మ, నా అరుపు విని, తడిగుడ్డ చేత్తో పట్టుకునే లోపలికి వచ్చింది.

"ఏం ముక్కలే?" అంది.

గచ్చు మీద పరిచిన పదిహేనింటినీ చూసింది. మా అమ్మకి కోపమొస్తే అరవదు, గొంతు తగ్గిస్తుంది. "పేకముక్కలు నా ఇంట్లోకొచ్చాయా?" అని మాత్రం అంది. వంగి, విప్పని అయిదు పొట్లాలూ ఏరుకుంది. గదిలోకి వెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, మళ్ళీ వెళ్ళి ముక్కలు తుడుచుకుంటూ కూచుంది. ఈసారి మామిడికాయ ముక్కలు.

పిల్లాడు నా మొహంకేసి చూశాడు. వాడి మామ్మని వాడెప్పుడూ అలా చూడలేదు. వాడికేం చెప్పను?

చెప్పాల్సింది చాలా ఉంది. మా ఇంట్లో పేకముక్క అడుగుపెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. మాది పాలకొల్లు దగ్గర ఒక ఊరు. కాలవగట్టు మీద ఒక ఎకరం కొబ్బరితోట, దాని వెనకాల కొంచెం వరిచేనూ ఉండేవి. మా నాన్నగారు మంచివారు. ఒకరి మీద చెయ్యెత్తి ఎరగరు, అప్పుకొచ్చినవాణ్ణి ఉత్తచేతుల్తో పంపి ఎరగరు. సంక్రాంతికి మా వైపు కోడిపందాలు ఎలా జరుగుతాయో మీకు తెలుసు కదా. ఆ బరుల పక్కనే చాపలు పరిచి పేకాట కూడా నడుస్తుంది. ఊళ్ళో వాళ్ళకి ఆ ఆట మూడు రోజులు. మా నాన్నగారికి మాత్రం ఏడాది పొడుగునా సంక్రాంతే. ముందు అమ్మ చంద్రహారం వెళ్ళింది. తర్వాత గాజులు. 1989లో కొబ్బరితోట వెళ్ళింది.

గెలిచిన రాత్రి ఆయన చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పొట్లం ఉండేది. నిద్రలో ఉన్న నన్ను లేపి, అరచేతిలో ఒక రూపాయి పెట్టేవారు. మర్నాడు ఆ రూపాయి పట్టుకుని నేను బడి పక్కన కొట్టుకి పరిగెత్తేదాన్ని. 1987లో మన దేశంలో ప్రపంచ కప్పు క్రికెట్ జరిగింది. ఆ రోజుల్లో బబుల్ గమ్ పొట్లాల్లో క్రికెట్ బొమ్మల అట్టలు వచ్చేవి. ఆ గమ్ము రెండు నిమిషాలకి చప్పబడిపోయేది, నాకు కావలసింది అది కాదు. పొట్లం చింపి, లోపల ఎవరున్నారో చూసే ఆ ఒక్క క్షణం. హార్లిక్స్ సీసా నిండా పోగుచేశాను. నాకు లేని ఒక బొమ్మ తమ్ముడి దగ్గర ఉంటే, తెగిన గాలిపటం ఇచ్చి వాణ్ణి బుట్టలో వేసుకుని తీసేసుకున్నాను కూడా. ఆ తమ్ముడే ఇప్పుడు అమెరికాలో పొట్లాలు కొని కొడుక్కోసం దాస్తున్నాడు. ఆ రూపాయి ఏ చాప మీద నుంచి లేచి నా చేతిలోకి వచ్చిందో, నేను ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆలోచించలేదు.

నవలలు రాసుకునేదాన్ని. ఇంట్లో తగువొస్తే కథ చెప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు. పైగా బి.ఎ.లో చరిత్ర చదివాను, అది ఇన్నాళ్ళూ దేనికీ పనికిరాలేదు. అందుకని ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకుని కూచున్నాను.

మొట్టమొదట నాకు దొరికింది మా ఊరే.

డచ్చివాళ్ళు 1605లో బందరులో కొట్టు పెట్టారు. ఆ తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, జగన్నాథపురం, ఇలా మన గోదావరి దేశంలో చాలాచోట్ల గిడ్డంగులు కట్టారు. మన నేతగాళ్ళు నేసిన గుడ్డని తూర్పు దీవులకి పట్టుకెళ్ళి, లవంగాలకీ జాజికాయలకీ మార్చేవారు. రెండు వందల ఏళ్ళు అలా వ్యాపారం చేసి, చివరికి 1825లో తమ స్థావరాలు ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. పాలకొల్లులో వాళ్ళ సమాధులు కొన్ని మిగిలాయి. ఇది పాఠంలో చదివిందే. పాఠంలో లేనిది ఏమిటంటే, మన నోట్లో కూడా కొన్ని మిగిలాయి.

పేకలో మనం కళావరు అంటాం. ఇంగ్లీషులో అది క్లబ్స్. 'క్లబ్స్' ఎంత నలిగినా 'కళావరు' అవదు కదా! డచ్చి భాషలో ఆ ముక్క పేరు క్లావర్. ఆటీను అంటాం. ఇంగ్లీషువాడు హార్ట్స్ అంటే, డచ్చివాడు హార్తన్ అంటాడు. హకారం మింగేసి పలికి చూడండి. ఆసు వాళ్ళకి ఆస్. తురుపు వాళ్ళకి త్రూఫ్. డచ్చివాళ్ళు చాలాకాలం ఉన్న కేరళలోనూ క్లావర్ అనే అంటారుట. ఇస్పేటు, డైమను మాత్రం వేరే దొరల సొమ్ము. గోదావరి వరద తగ్గేదాకా ఓడ కదలక, గిడ్డంగి వసారాలో ఉబుసుపోక ముక్కలు పరుచుకున్న ఆ గుమాస్తాలూ, వాళ్ళ పక్కన చేరి చూస్తూ చూస్తూ ఆట నేర్చేసుకున్న మన దుబాసీలూ నా కళ్ళకి కట్టారు. అలా కట్టడం నవలారచయిత్రి దురలవాటు, దానికి సాక్ష్యం అడక్కండి. మాటలు మాత్రం సాక్ష్యం చెబుతూనే ఉన్నాయి. మా నాన్నగారు రాత్రిళ్ళు నిద్రలో కలవరించింది డచ్చి భాష అన్నమాట.

డచ్చివాళ్ళ కంటె ముందు మనకి ముక్కలు లేవా అంటే, ఉన్నాయి. అక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను.

గంజీఫా అనే ఆట ఒకటుంది. బాబరు 1527లో సింధులో ఉన్న ఒక స్నేహితుడికి గంజీఫా ముక్కలు పంపించినట్టు తన దినచర్యలో రాసుకున్నాడు. ఆయన మనవడు అక్బరు కొలువులో ఉన్న అబుల్ ఫజల్, అయినీ అక్బరీలో పాతకాలపు పేక ఒకదాన్ని వర్ణించాడు. పన్నెండు రంగులు, రంగుకి పన్నెండు ముక్కలు, మొత్తం 144. ఆ రంగుల పేర్లు చూస్తే నాకు చిన్నప్పటి చందమామ తెరిచినట్టనిపించింది. మొదటివాడు అశ్వపతి, గుర్రం మీద రాజు. రెండోవాడు గజపతి, ఒరిస్సా ప్రభువులాంటివాడు అని అబుల్ ఫజలే రాశాడు. మూడోవాడు నరపతి. అశ్వపతి, గజపతి, నరపతి అనే మాటలు తెలుగువాళ్ళకి కొత్తవి కావు. ఢిల్లీవాణ్ణి అశ్వపతి, కటకంవాణ్ణి గజపతి, విజయనగరంవాణ్ణి నరపతి అని మన పెద్దలు చెప్పుకున్నారు. గజపతుల చేతిలో మన రాజమహేంద్రవరం కూడా కొంతకాలం ఉంది. అంటే ఏమిటీ, మన ఊరు ఎవరి చేతిలో ముక్కో ఆ పేకలోనే ఉందన్నమాట.

తర్వాత కోటలకి పతి, ధనానికి పతి, దండుకి పతి. ఏడోవాడు నావాపతి. ఓడలో సింహాసనం వేసుకుని కూచుంటాడు. మిగిలిన పది ముక్కల మీదా ఒకటి నుంచి పది దాకా పడవలు. గోదావరి గట్టున పుట్టినదాన్ని, నాకు ఈయన బాగా నచ్చాడు. తొమ్మిదో రంగు దేవతలది, పదోది అసురులది, పదకొండోది అడవి మృగాలది, పన్నెండోది పాములది.

ఎనిమిదోది చెప్పకుండా దాచానని మీరు కనిపెట్టే ఉంటారు. దాని పేరు తీపతి. తీ అంటే స్త్రీ. అందులో రాజు లేడు. సింహాసనం మీద రాణి. మంత్రి కూడా ఆడదే. మిగిలిన పది ముక్కల మీదా ఆడవాళ్ళే, ఒకరు నుంచి పదిమంది దాకా. మనం ఆడే పేకలో రాణి ఎంత గొప్పదైనా రాజు కింద పడాల్సిందే. పదహారో శతాబ్దంలో రాసిన పుస్తకంలో రాజు లేని రంగు ఒకటుందంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దేవుళ్ళతో చేసిన పేకలు కూడా మనకున్నాయి. దశావతార గంజీఫా అని, అవతారానికి పన్నెండు చొప్పున 120 గుండ్రటి ముక్కలు. కొయ్యబొమ్మలకి పేరుపడ్డ నిర్మల్‌లో నకాషీవాళ్ళు అలాంటి ముక్కలు రాసేవారు. మైసూరులో ముమ్మడి కృష్ణరాజ ఒడయారు తనే కొత్త ఆటలు కల్పించి, 360 ముక్కల దాకా పెంచాడు. రాజులకి తీరిక ఎక్కువ.

కాని వీటికీ మా మేనల్లుడి పొట్లానికీ ఒక పెద్ద తేడా ఉంది. గంజీఫా కొనుక్కున్నవాడికి అన్ని ముక్కలూ పెట్టెలోనే ఉంటాయి. ఏది వస్తుందో అన్న బెంగ ఆటలో ఉంటుంది గాని కొనడంలో ఉండదు. కొనడంలోకే ఆ బెంగని తెచ్చిపెట్టిన ఘనత, నవ్వకండి, సిగరెట్లది.

పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో సిగరెట్లు పల్చటి కాయితపు పొట్లాల్లో అమ్మేవారు. నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. ఉత్త అట్ట ఎందుకూ, దాని మీద బొమ్మేస్తే పోలేదా అనుకున్నారు. నటీమణులు, పక్షులు, జెండాలు, ఆటగాళ్ళు. ఇరవై అయిదో, యాభయ్యో కలిస్తే ఒక వరస. వరస పూర్తి కావాలంటే ఇంకో పొట్లం కొనాలి, ఇంకో సిగరెట్టు కాల్చాలి. 1880ల్లో వర్జీనియాలో అలెన్ అండ్ గింటర్ కంపెనీ ఈ పని చేసింది. త్వరలోనే ఇంగ్లండులో విల్స్ కంపెనీ అందుకుంది. ఆ వర్జీనియా పొగాకే తర్వాత మన గుంటూరు, గోదావరి జిల్లాలకి వచ్చింది. 1947లో పొగాకు పరిశోధన సంస్థ పెట్టడానికి మన రాజమండ్రినే ఎంచుకున్నారు. లంక పొగాకు చుట్టలు కాల్చిన మా తాతగారికి బొమ్మలేవీ రాలేదు పాపం, చుట్టకి అట్ట అక్కర్లేదు కదా. అమెరికాలో మాత్రం 1909 ప్రాంతంలో సిగరెట్టు పొట్లంలో వచ్చిన హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ అట్ట ఒకటి 2022లో 72 లక్షల డాలర్లకి పైగా పలికింది. మా కొబ్బరితోటల్లాంటివి ఎన్ని వస్తాయో లెక్కేసి మానేశాను.

తర్వాత సిగరెట్టు పోయి గమ్ము వచ్చింది. గమ్ము కూడా పోయి ఉత్త పొట్లం మిగిలింది. ఆ ఉత్త పొట్లానికి ఆటని జోడించినవాడు రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే అమెరికా లెక్కల మాస్టారు. చిన్నతనంలో కొంతకాలం బంగ్లాదేశ్‌లోనూ నేపాల్‌లోనూ పెరిగాడు. 1993 ఆగస్టులో ఆయన ఆట బయటికొచ్చింది. పేరు మ్యాజిక్. ఇద్దరు మంత్రగాళ్ళు ముక్కలతో యుద్ధం చేసుకోవడం అందులో కథ. ఎవరి పేక వాళ్ళది. నా పేకలో ఏముందో నీకు తెలీదు, ప్రపంచంలో ఎన్ని ముక్కలున్నాయో ఇద్దరికీ తెలీదు. కావలసిన ముక్క దొరకాలంటే పొట్లం విప్పాలి, లేదా ఉన్నవాణ్ణి బతిమాలుకోవాలి. అదే ఏడు డిసెంబరులో అరేబియన్ నైట్స్ కథలన్నీ తీసుకుని ఒక వరస పొట్లాలు వేశారు. అప్పటినుంచి ఒక్కో వరసకి ఒక్కో లోకం. మన కాశీమజిలీ కథలు చదివినవాళ్ళకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు, మజిలీ మజిలీకీ ఒక కథ. మూడేళ్ళకి జపానులో పోకెమాన్ ముక్కలు వచ్చాయి. ఆ బొమ్మల వెనక ఉన్న నింటెండో కంపెనీ 1889లో క్యోటోలో పుట్టింది, అది మొదట చేసింది పూలబొమ్మల పేకముక్కలే. జపానుకి మన కళావరుల్లాంటి ముక్కలు పట్టుకెళ్ళింది పోర్చుగీసు ఓడలు. రేవు ఉన్నచోటల్లా ముక్క దిగినట్టుంది.

మావాడి పొట్లాల లోకం పేరు కలాదేశ్. 2016లో వేశారు. ఇండియాని చూసి కల్పించిన లోకం. ఇత్తడి తీగెలు అల్లినట్టుండే యంత్రాలూ, మన పేర్లున్న మనుషులూ. ఉత్తరాదివాళ్ళ చెవికి 'కాలా' అంటే నలుపు కదా అని నాకు అప్పుడే అనిపించింది. 2025లో వచ్చిన పొట్లాల్లో ఆ లోకానికి 'అవిష్కార్' అని పేరు మార్చేశారు. ఆ మొదటి వరసలో కొన్ని పొట్లాల్లో ప్రత్యేకమైన అంచున్న ముక్క ఒకటి దాచారుట. సగటున 144 పొట్లాలకి ఒకటి. అబుల్ ఫజల్ పేకలో ముక్కలెన్నో గుర్తుంది కదా? పొట్లం ఒక్కటి అప్పట్లో నాలుగు డాలర్లకి ఒక్క సెంటు తక్కువ. లెక్కలు మీకే వదిలేస్తున్నాను. 2023లో ఇంకా ఒక అడుగు ముందుకేశారు. ప్రపంచం మొత్తానికి ఒకే ఒక్క ఉంగరం ముక్క అచ్చేసి, ఏదో ఒక పొట్లంలో పెట్టేశారు. కెనడాలో ఒకరికి దొరికింది. పోస్ట్ మలోన్ అనే గాయకుడు దాన్ని 20 లక్షల డాలర్లకి తక్కువ కాకుండా కొన్నాడు.

ఇంతవరకూ వచ్చాక నాకు ఇష్టం లేని సంగతి ఒకటి కనిపించింది. మొదట్లో ఈ మ్యాజిక్ ఆటలో పందెం ఉండేది. ఆట మొదలెట్టే ముందు ఇద్దరూ చెరో ముక్కా పక్కన పెట్టాలి, గెలిచినవాడు రెండూ పట్టుకుపోవాలి. ఆడేవాళ్ళకే అది నచ్చలేదు. 1995 తర్వాత పందెం మాట ఉన్న ముక్కలు కొత్తగా వెయ్యడం మానేశారు. నేను అమ్మ తరఫునా, పిల్లాడి తరఫునా అన్నది ఆ రాత్రి తేల్చుకోలేకపోయాను. పందెం సంగతి అమ్మకి చెప్పకూడదని మాత్రం నిశ్చయించుకున్నాను.

మర్నాడు జాడీలో ఆవకాయ కలుపుతూ ఉంటే పక్కన చేరి, మిగిలిందంతా చెప్పాను. డచ్చివాళ్ళ సంగతి విని, "మీ నాన్నగారు చెడిపోడానికి అంతదూరం నుంచి ఓడలేసుకొచ్చారన్నమాట" అంది. తీపతి దగ్గర కారం కలిపే చెయ్యి ఆగింది. "రాజు లేకుండా పన్నెండు ముక్కలూ ఆడవాళ్ళేనా? గెలిచేవారుటా?"

"ఎవరి చేతిలో పడితే వాళ్ళు గెలిపించేవారు."

"మరింకేం" అని మళ్ళీ కలపడం మొదలుపెట్టింది.

అప్పుడు చట్టం ఎత్తుకున్నాను. 1968లో మన సుప్రీం కోర్టు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన కేసులోనే, రమ్మీ నేర్పుతో ఆడే ఆట అనీ, మూడుముక్కలాటలాగా కేవలం అదృష్టం కాదనీ చెప్పింది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు పడితే వచ్చిన కేసు అది. 2020లో మన రాష్ట్రం ఫోన్లలో ఆడే రమ్మీని కూడా నిషేధించింది, అది వేరే కథ. అమెరికాలో 1999లో కొందరు తల్లిదండ్రులు ఈ పోకెమాన్ పొట్లాలు జూదమేనని దావా వేశారు. అలాంటి దావాల మీద 2002లో అక్కడి అప్పీలు కోర్టు ఒకటి ఏమందంటే, కావలసిన ముక్క రానందువల్ల కలిగేది ఆశాభంగమే గాని ఆస్తినష్టం కాదు అంది. డబ్బిచ్చినవాడికి పొట్లం ముట్టింది, పొట్లంలో ఉండాల్సినన్ని ముక్కలూ ఉన్నాయి, ఇంకేం కావాలి అని.

అమ్మ నూనె చేతిని గుడ్డకి తుడుచుకుంది.

"ఆ తీర్పిచ్చినాయనకి పెళ్ళయిందటే?" అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"తోట పోయిన రాత్రి నాకు పోయింది తోటొక్కటే అనుకుంటున్నావా? నేనూ ఎదురుచూసేదాన్నే. మీరంతా పడుకున్నాక, వీధి తలుపు గొళ్ళెం చప్పుడైతే లేచి కూచునేదాన్ని. ఇవాళ వచ్చిందేమో, చంద్రహారం తిరిగొస్తుందేమో అని. ఆయన మొహం కనపడేదాకా ఒక్క నిమిషం. ఆ నిమిషం ఉంది చూశావూ, ఏళ్ళ తరబడి అదే తిన్నాను నేను అన్నానికి బదులు. మీ నాన్నగార్ని తిట్టుకుంటాను గానీ, ఆ నిమిషం కోసం నేనూ మెలకువగానే ఉండేదాన్ని."

ఇది నాకు ఇన్నేళ్ళలో చెప్పలేదు. నేనూ అడగలేదు. గెలిచిన రాత్రుళ్ళు మాత్రమే నన్ను లేపేవారు కనక, నాకు గెలిచిన రాత్రుళ్ళే తెలుసు.

తాళంచెవి బొడ్లోనే ఉంది. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పిల్లాడు కూడా అడగలేదు. ఉన్న పదిహేను ముక్కల్నే రోజూ పరుచుకుని చూసుకునేవాడు. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ రామాయణం చదువుకుంటూంటే పక్కన చేరి, ఏ ముక్క ఎవరో వచ్చీరాని తెలుగులో చెప్పడం విన్నాను. "మామ్మా, ఇది పందెం కాదు. నేను ఎవరి దగ్గరా తీసుకోను. మా ఫ్రెండు దగ్గర లేనిది ఇస్తాను, నా దగ్గర లేనిది వాడిస్తాడు." అమ్మ కళ్ళజోడు సవరించుకుని, "ఈ యంత్రం ఎవరు చేశార్రా, కొండపల్లి వాళ్ళా?" అని అడిగింది. అంతకు మించి ఏమీ అనలేదు. గాలిపటం సంగతి గుర్తొచ్చి నేను అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయాను.

నెల తిరిగి వెళ్ళే రోజు వచ్చింది. తమ్ముడూ మరదలూ వీధిలో కారులోకి పెట్టెలెక్కిస్తున్నారు. ఆవకాయ సీసాకి అమ్మ మూడు పాలిథీన్ సంచులు తొడిగి కట్టింది. ఆ తర్వాత బీరువా తీసింది. అయిదు పొట్లాలూ తెచ్చి పిల్లాడి చేతిలో పెట్టి, "లోపల కాదు నాన్నా, గడప దాటేక" అంది.

వాడు పరిగెత్తి అరుగు మీద కూచున్నాడు. మొదటి పొట్లం అంచు చింపాడు. ఒక్కొక్క ముక్కే తీస్తున్నాడు. కారు డ్రైవరు కూడా డిక్కీ మూసి వచ్చి, వాడి భుజం మీంచి చూస్తున్నాడు. అమ్మ గడపకి ఇవతలే, తలుపు పట్టుకుని నించుంది. రెండో పొట్లం అయింది. మూడోదీ అయింది.

"ఏవన్నా వచ్చిందేంట్రా?" అంది లోపల్నించి.